వంటింటి పక్కన వాద్యబృందం

మిక్సీ లేని ఇల్లు ఈ రోజుల్లో అరుదు. కింద మోటారు ఒక్కటే ఉంటుంది. పచ్చడికి చిన్న జారు, ఇడ్లీ పిండికి పెద్ద జారు, కారప్పొడికి ఇంకోటి. జారు ఎంత ఖరీదైనదైనా మోటారు మీద బిగించకపోతే ఉత్త గిన్నే! ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలు, కంప్యూటరులో సంగీతం చేయడం సగం తెలిసినట్టే. కంప్యూటరులో మోగే వేణువు, వయొలిన్, తంబుర, తబలా... ఇవన్నీ జార్లు. వీటిని వర్చువల్ ఇన్‌స్ట్రుమెంట్లు అంటారు. వీటిని తన మీద కూర్చోబెట్టుకుని నడిపే మోటారు పేరు హోస్ట్. వాయిద్యాలు వందల కొద్దీ దొరుకుతాయి, ఉచితంగా కూడా. పని సాగేదీ ఆగేదీ మాత్రం హోస్ట్‌ను మనం ఎలా అమర్చుకున్నామన్న దాని మీదే.

"ఇల్లాలికి ఈ గొడవంతా ఎందుకమ్మా?" అనకండి. కారణం ఉంది.

నలభై నిమిషాల లెక్క

మాది కందుకూరు. శ్రీశైలం రోడ్డు మీద, శంషాబాదు విమానాశ్రయం చేరువలో. మా ఆయనది అక్కడే సరుకుల విభాగంలో షిఫ్టు డ్యూటీ. ఒక వారం పగలు పడుకుంటారు, ఇంకో వారం రాత్రి. నేను బీకాం చదివాను, చిన్నప్పుడు నాలుగేళ్లు హార్మోనియం నేర్చుకున్నాను, అప్పుడప్పుడు కథలు రాస్తుంటాను. మా అత్తమ్మకు డెబ్బై ఆరేళ్లు. బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు, పెళ్లిళ్లలో పసుపు దంచే పాటలు ఆమెకు వచ్చినన్ని మా వాడలో ఇంకెవరికీ రావు. బతుకమ్మ 2014లో రాష్ట్ర పండుగ అయింది కాబట్టి ఆ పాటలైనా మైకుల్లో వినబడుతున్నాయి. నాట్ల పాటలకు ఆ అదృష్టం లేదు. అవి పాడిన పొలాలు చాలావరకు ప్లాట్లయ్యాయి. 2024 ఆగస్టులో మా మండలంలోనే మీర్‌ఖాన్‌పేటలో స్కిల్ యూనివర్సిటీకి శంకుస్థాపన జరిగింది. అప్పటినుంచి ఏ ఇంటి అరుగు మీద విన్నా గజం ధర ముచ్చటే!

అత్తమ్మ పాటలు ఫోనులో రికార్డు చేసిపెట్టాను. పిల్లలు వినరు. "వెనకాల ఏదైనా మ్యూజిక్ ఉంటే బాగుంటుందమ్మా" అంటుంది మా అమ్మాయి. స్టూడియోకి వెళ్లి వాద్యబృందంతో చేయించే స్తోమత మనకెక్కడిది? ఇంట్లో లాప్‌టాపు ఉంది, అబ్బాయి ఆడుకుని అటక మీద పడేసిన పాత కీబోర్డు ఉంది. ఇంకేం కావాలి?

కావలసింది సమయం. పొద్దున వంట, క్యారియర్లు, బట్టలు అయ్యాక పదిన్నర నుంచి పదకొండుంపావు దాకా నాది. అందులోనూ కొరియరు అబ్బాయి, పాలసీ వాళ్ల ఫోను. అన్నీ పోగా నలభై నిమిషాలు అనుకోండి. లాప్‌టాపు తెరిచి, వాయిద్యం వెతికి, శబ్దం ఎందుకు రావడంలేదో చూసి, శ్రుతి సరిచేసేసరికి అరగంట పోతుంది. రోజుకు ఎనిమిది గంటలు ఇదే పనిగా చేసే వాళ్లకు అరగంట పోతే ఏడున్నర గంటలు మిగులుతాయి. మనకు మిగిలేది పది నిమిషాలు! సౌకర్యంగా అమర్చుకోవడం వాళ్లకు సుఖం, మనకు మాత్రం పాట ఉంటుందా ఉండదా అన్న ప్రశ్న. అందుకే నేనొక షరతు పెట్టుకున్నాను. లాప్‌టాపు తెరిచిన రెండో నిమిషానికి వేలు మీట మీద ఉండాలి.

వండిన కూర కాదు, వంట రాసిన కాగితం

కీబోర్డు మీట నొక్కితే తీగలోంచి కంప్యూటరుకు వెళ్లేది శబ్దం కాదు. ఏ మీట నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న సమాచారం మాత్రమే. ఈ భాషను మిడి అంటారు. జపాను, అమెరికా వాయిద్యాల కంపెనీలు ఒక మాట మీదికి వచ్చి 1983లో దీన్ని తెచ్చాయి. మీట నొక్కిన బలానికి 1 నుంచి 127 దాకా అంకె ఉంటుంది. ఇన్నేళ్లయినా ఆ లెక్కే నడుస్తోంది.

దీంతో మనకు కలిగే మేలు ఇంతా అంతా కాదు. ఒక స్వరం తప్పు పడితే ఆ ఒక్కటే జరిపి సరిచేసుకోవచ్చు. వేణువు మీద వాయించింది బాగా లేదనిపిస్తే వయొలిన్‌కు మార్చుకోవచ్చు, మళ్లీ వాయించనక్కర్లేదు. అన్నిటికంటే ముఖ్యం, మైకు లేదు. మా ఇంటి మీదుగా విమానం పోతుంది, రోడ్డు మీద లారీ హారను కొడుతుంది, పక్కింట్లో బోరు మోటారు మోగుతుంది. ఇవేవీ మిడిలోకి దూరవు. హెడ్‌ఫోన్సు పెట్టుకుంటే రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్న మనిషికీ నిద్రాభంగం లేదు.

ఇక జార్లకు, మోటారుకు మధ్య బిగింపు సంగతి. జర్మనీలో హాంబర్గ్ నగరపు స్టెయిన్‌బర్గ్ కంపెనీ 1996లో వీఎస్‌టీ అనే పద్ధతి తెచ్చింది. 1999లో అందులోకి వాయిద్యాలు కూడా వచ్చాయి. ఎవరు చేసిన వాయిద్యమైనా, ఎవరు చేసిన హోస్ట్‌లోనైనా బిగుస్తుంది. వాయిద్యం కొనేటప్పుడు, దింపుకునేటప్పుడు వీఎస్‌టీ3 రకం, 64 బిట్ రకం అని రెండే చూసుకోండి. వీఎస్‌టీ3 వాయిద్యాలన్నీ కంప్యూటరులో ఒకే చోటికి చేరతాయి కాబట్టి హోస్ట్ వాటిని తనే వెతుక్కుంటుంది. పాత రకానివి తలా ఒక మూల దాక్కుంటాయి.

ఈ విద్యలో మనవాళ్లు ఎప్పుడో కాలుపెట్టారు. ఎ.ఆర్. రెహ్మాన్ మన రమేశ్ నాయుడు, రాజ్-కోటి వంటి సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాయించినవారే. 1989లో చెన్నైలో ఇంటి ఆవరణలోనే స్టూడియో కట్టుకున్నారు, 1992లో రోజా వచ్చింది. పరికరాలు కొనడానికి అమ్మ నగలు అమ్మిందని ఆయనే చెప్పుకున్నారు. ఆ తల్లిని తలుచుకుంటే నాకు ఆయన పాటల కంటే ఎక్కువ ఆశ్చర్యం వేస్తుంది. ఆడవాళ్లు సంగీతం కూర్చడమంటారా, మన భానుమతిగారు 1954లోనే 'చక్రపాణి' సినిమాకు సంగీత దర్శకత్వం చేశారు. 'అత్తగారి కథలు' రాసిందీ ఆవిడే! 1990లలో ఎం.ఎం. శ్రీలేఖ చిన్న వయసులోనే ఆ కుర్చీలో కూర్చున్నారు. ఆ తర్వాత? వేళ్లు మడిచి లెక్కపెట్టుకోవాల్సిందే.

చెంబా, బిందెనా?

కొత్తగా మొదలుపెట్టిన ప్రతి ఒక్కరినీ ఏడిపించేది ఆలస్యం. మీట నొక్కితే కాసేపాగి మోగుతుంది. లేదంటే వెంటనే మోగుతుంది కానీ చెవిలో ఆవాలు చిటపటలాడినట్టు చప్పుడు! రెండింటికీ మూలం ఒకటే.

కంప్యూటరు శబ్దాన్ని ధారగా పంపదు, పాత్రలో నింపి పంపుతుంది. ఆ పాత్రను బఫర్ అంటారు. చెంబుతో నీళ్లు మోస్తే మొదటి చెంబు వెంటనే అందుతుంది, కానీ మనిషి ఆగకుండా తిరగాలి. అలసి ఒక్క చెంబు ఆలస్యమైతే ధార తెగుతుంది. ఆ తెగడమే చిటపట. బిందెతో మోస్తే ధార తెగదు, కానీ బిందె నిండేదాకా ఆగాలి. సెకనుకు 48,000 నమూనాల లెక్కన 256 పెడితే ఆలస్యం ఐదు మిల్లీసెకన్ల పైచిలుకు. గాలిలో శబ్దం ఆ కాస్తలో సుమారు ఆరడుగులు నడుస్తుంది. అంటే మనకు ఆరడుగుల దూరంలో కూర్చుని ఎవరో వాయించినట్టు. హాయిగా వాయించుకోవచ్చు. 1024 పెడితే ఇరవై ఒక్క మిల్లీసెకన్లు, ఇరవై నాలుగు అడుగులు. నట్టింట్లో మనం మీట నొక్కితే వాకిట్లో వాయిద్యం మోగినట్టు! కంప్యూటరు లోపల ఇంకా కొంత ఆలస్యం కలుస్తుంది కూడా. అందుకని వాయించేటప్పుడు 128 గానీ 256 గానీ, అన్నీ వాయించడం అయ్యాక కలిపి సరిచూసుకునేటప్పుడు 1024 పెట్టుకుంటాను.

విండోస్ కంప్యూటరైతే ఆసియో అనే డ్రైవరు కావాలి. విడిగా సౌండ్ పెట్టె కొంటే దానితోపాటే వస్తుంది. కొనలేకపోతే ఆసియో4ఆల్ అనేది ఉచితం. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు మాత్రం పక్కన పెట్టేయండి. పాటలు వినడానికి బాగుంటాయి గానీ, వాయించడానికి వాటి ఆలస్యం భరించలేం. నూటయాభై రూపాయల తీగ ఇయర్‌ఫోన్ నయం. వాయించేటప్పుడు వైఫై ఆపేసి, కరెంటు పొదుపు పద్ధతి తీసేయండి. లాప్‌టాపు పొదుపుగా నడుస్తున్నప్పుడు చెంబులు మోసే మనిషి నీరసంగా నడుస్తాడు.

మెమరీ సంగతి కూడా చెప్పాలి. అసలు వాయిద్యాన్ని స్వరం స్వరం రికార్డు చేసి తయారుచేసినవి కొన్ని. వీటికి చోటు ఎక్కువ కావాలి. మంచి పియానో ఒక్కటే గిగాబైట్లకు గిగాబైట్లు మింగుతుంది. లెక్కలతో శబ్దం పుట్టించేవి ఇంకొన్ని. చోటు కొంచెమే, బుర్రకు పని ఎక్కువ. సర్జ్ ఎక్స్‌టీ, 1983 నాటి యమహా డీఎక్స్7ను అనుకరించే డెక్స్‌డ్ ఈ రెండో రకం. రెండూ ఉచితమే. మెమరీ అంటే వంటగట్టు, డిస్కు అంటే అటక. గట్టు ఇరుకైతే మాటిమాటికీ అటకెక్కాలి. 8 జీబీతో నెట్టుకురావచ్చు, 16 ఉంటే ప్రాణం సుఖం. పాత తిరిగే డిస్కు ఉన్న లాప్‌టాపులో ఎస్‌ఎస్‌డీ వేయిస్తే కొత్తది కొన్నంత తేడా. డబ్బు పెట్టాలంటే ముందు అక్కడే పెట్టండి, వాయిద్యాల మీద కాదు.

పోపుల డబ్బా

పోపు పెట్టేటప్పుడు ఆవాలొక అరలో, జీలకర్ర ఇంకో అరలో వెతుక్కుంటామా? డబ్బా తెరిస్తే అన్నీ చేతికందుతాయి. హోస్ట్‌లో కూడా అంతే.

భజనలో వాయించుకోవడానికి మాత్రమే అయితే కార్లా అనే ఉచిత హోస్ట్, లేదా కాంటాబిలేలో ఉచితంగా ఇచ్చే లైట్ రకం సరిపోతుంది. నాకు రికార్డింగు కూడా కావాలి కనుక రీపర్ పెట్టుకున్నాను. హోస్టూ అదే, టేపురికార్డరూ అదే. 60 రోజులు ఊరికే వాడి చూడనిస్తారు, ఆ తర్వాత ఇంట్లో వాడుకునేవాళ్లకు 60 డాలర్లు. నా డబ్బాలో ఎనిమిది గిన్నెలే. తంబుర, హార్మోనియం, వేణువు, వయొలిన్ గుంపు, డప్పు, చప్పట్లు, మువ్వలు, అత్తమ్మ గొంతు. ఒక్కోదానికి ఒక రంగు, పేరు తెలుగులో. శబ్దం హెచ్చుతగ్గులు ముందే సరిచూసి, దీన్ని మూసగా దాచి, రీపర్ తెరవగానే ఇదే వచ్చేలా పెట్టాను. కొత్త పాట మొదలుపెట్టగానే వేరే పేరుతో దాచుకుంటే మూస చెక్కుచెదరదు.

వాడని వాయిద్యాలను తీసేయనక్కర్లేదు, ఆఫ్‌లైన్ చేస్తే పేరు ఉంటుంది, బరువు ఉండదు. పని పూర్తయిన వాయిద్యాన్ని ఫ్రీజ్ చేస్తే అది మామూలు శబ్దంగా మారి కంప్యూటరు తేలికపడుతుంది. మళ్లీ మార్చాలంటే విప్పుకోవచ్చు. చెబితే నవ్వుతారు గానీ, వాయిద్యాలు కూడబెట్టే పిచ్చి చీరల పిచ్చిలాంటిదే. ఉచితం కదా అని రెండు వందలు దింపుకుంటే వెతుక్కోవడంతోనే నలభై నిమిషాలూ సరి. మా అబ్బాయి వారానికో కొత్తది తెస్తాడు, ఎనిమిది గిన్నెలు దాటనివ్వను.

గొంతుకు పెట్టె లొంగాలి

ఆడవాళ్ల శ్రుతి ఐదు, ఐదున్నర అంటారు సంగీతం మాస్టార్లు. అత్తమ్మ గొంతు ఆ లెక్కకు దొరకదు. నాలుగున్నరకు కాస్త పైన, ఐదుకు కాస్త కింద నిలబడుతుంది. కీబోర్డులో ఆ రెండు మీటల మధ్య ఏమీ లేదు. ఎప్పుడూ శ్రుతిపెట్టె పెట్టుకుని పాడిన మనిషి కాదాయె! 1979లో బెంగుళూరు రాడెల్ వాళ్లు ఎలక్ట్రానిక్ తంబుర తెచ్చాక సంగీతం నేర్చుకునే పిల్లల ఇళ్లకు శ్రుతి వచ్చింది గానీ, నాట్లేసే మళ్లలోకి రాలేదు.

"ముందు తంబుర పెట్టి, దానికి కలిపి పాడమనరాదూ?" అన్నారు సంగీతం తెలిసిన బంధువొకరు. ఆ సలహా నాకు నచ్చలేదు. డెబ్బై ఆరేళ్ల గొంతును మీటకు తెచ్చే బదులు మీటనే ఆ గొంతు దగ్గరికి తీసుకెళ్లొచ్చు. ఒక అర స్వరానికి 100 సెంట్లు. చాలా వాయిద్యాల్లో ట్యూన్ అని ఒక మర ఉంటుంది. అత్తమ్మ పాటకు నాలుగున్నర మీద 35 సెంట్లు పెంచితే తంబుర వచ్చి ఆమె పక్కన కూర్చుంది. అన్ని వాయిద్యాలకూ అదే అంకె పెట్టి, ఆ మూసను 'అత్తమ్మ' అని దాచాను. వాడకట్టు వదిన పాడితే ఆమెకు వేరే మూస.

తాళం కూడా ఇంతే. కంప్యూటరు టిక్కుటిక్కుమని లెక్కపెడుతుంటే అత్తమ్మ పాడలేదు. చప్పట్లు కొడుతూ పాడితే పాట నడక మధ్యలో కొంచెం పుంజుకుంటుంది. బతుకమ్మ చుట్టూ తిరిగేవాళ్లు అలసిపోకుండా ఉత్సాహం తెచ్చుకునే నడక అది. దాన్ని చదును చేస్తే పాట బడి ప్రార్థనలా ఉంటుంది. ఆమె గొంతు ముందు రికార్డు చేసి, దాని వెంట నేనే వాయిస్తాను. మైకు అవసరం ఈ ఒక్క చోటే. విమానాలు కాస్త తెరిపిచ్చే వేళ చూసుకుని, అలమారలో దుప్పట్ల ముందు కూర్చోబెట్టి పాడించుకుంటాను.

గమకాలకు కీబోర్డు పక్కనుండే పిచ్ చక్రం దిక్కు. మామూలుగా అటు రెండు, ఇటు రెండు అర స్వరాలు జారుతుంది. ఆ జారుడులో 16,384 మెట్లున్నాయని మిడి లెక్క. మెట్లు ఎన్నున్నా చేయి తిరగడానికి నాకు నెలలు పట్టింది. వేణువు మీద ఫరవాలేదు. వయొలిన్ మీద ఇప్పటికీ కృతకంగానే వినబడుతుంది. అందుకే దాన్ని వెనకాల పలుచగా పరుస్తాను, ముందుకు రానివ్వను.

డప్పు దెబ్బలు

ఎంత వెతికినా నాకు నచ్చిన డప్పు దొరకలేదు. ఉచితంగా వచ్చే డోళ్లేవీ మన తోలు మాట మాట్లాడవు. రీపర్‌తోనే రీసాంప్లోమాటిక్5000 అనే చిన్న పరికరం వస్తుంది. మనం రికార్డు చేసిన ఏ చప్పుడునైనా మీటకు కట్టేస్తుంది. మా ఊళ్లో డప్పు కొట్టే ఒక తమ్ముణ్ని పిలిచాను. వాకిట్లో కాస్త మంట వేసి, డప్పు కాచి, వేలితో తట్టి చూసుకున్నాడు. ఒక చేతిలో సిర్ర, ఇంకో చేతిలో చిటికెన పుల్ల. సిర్ర దెబ్బ మెల్లగా, మధ్యస్తంగా, గట్టిగా. పుల్ల దెబ్బ కూడా అలాగే మూడు. అంచు మీద వేరే. ఒక్కో దెబ్బా రెండు సెకన్లే కాబట్టి విమానానికీ విమానానికీ మధ్య బోలెడన్ని పట్టుకున్నాం. మెల్లగా నొక్కితే మెల్లటి దెబ్బ, గట్టిగా నొక్కితే గట్టి దెబ్బ వచ్చేలా కట్టాను.

తను విని నవ్వాడు. ఆ తర్వాత అడిగాడు, "అక్కా, నా దెబ్బలన్నీ పెట్టెల బెట్టుకుంటివి. రేపటిసంది నన్నెందుకు పిలుస్తవ్?"

ఆ ప్రశ్న దాటవేయదగ్గది కాదు. సినిమాల్లోకి కీబోర్డులొచ్చాక వయొలిన్లు, వేణువులు వాయించేవాళ్లకు పిలుపులు తగ్గాయి. చవగ్గా, సులువుగా అని మనం మురిసే ప్రతి సౌకర్యం వెనకా ఒకరి కూలి ఉంది. దెబ్బలు ఇచ్చిన రోజుకు పెళ్లి బ్యాండుకు ఇచ్చినంత కూలి ఇచ్చాను. అది చాలదని నాకూ తెలుసు. అందుకని ఇలా ఒప్పందం చేసుకున్నాం. పాట కూర్చుకునేదాకా పెట్టెలోని దెబ్బలు నావి. పాట తయారయ్యాక చివరి డప్పు మాత్రం అతనే వచ్చి కొడతాడు, మళ్లీ కూలి తీసుకుంటాడు, పాట మీద పేరు ఉంటుంది. ఆ దెబ్బలు ఇంకొకరికి ఇవ్వను. కాగితం రాసుకోలేదు గానీ వాడలో పదిమంది ముందు అనుకున్న మాట. దీనివల్ల పాటకు ఖర్చు పెరిగింది, నెలకు ఒక పాట కంటే చేయలేకపోతున్నాను. పోనీయండి, నెలకు ఒకటే.

పనిలో తేడా కూడా తెలిసింది. నేను మీటల మీద కొట్టిన దరువు లెక్క తప్పదు. అతను కొట్టినప్పుడు, అత్తమ్మ ఊపిరి తీసుకునే చోట ఒక దెబ్బ ఆపి కొట్టాడు. ఎందుకాపావంటే, "ఆమె దమ్ము తీస్తుంది గదా అక్కా" అన్నాడు.

అత్తమ్మకు పూర్తయిన పాట హెడ్‌ఫోన్సులో వినిపిస్తే రెండు చేతులతో చెవుల మీద పట్టుకుని చివరిదాకా విన్నది. "తంబుర మంచిగున్నదమ్మా. గా పిల్లనగ్రోవి ఎక్కువైంది. నా పాట మీద నడుస్తుంది" అన్నది. వేణువు మిడిలోనే ఉంది కాబట్టి మూడు చోట్ల తీసేయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. మళ్లీ విని, "ఇగ సరే" అన్నది.

ఆమెకు గుర్తున్న పాటల జాబితా ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాను. ఇప్పటికి అరవై రెండు. పూర్తయినవి ఏడు. ఎనిమిదోది నాట్ల పాట, చప్పట్లు లేవు, బురదలో అడుగుల చప్పుడు కావాలి. దానికేం చేయాలో రేపు పదిన్నరకు చూడాలి.